ఇంజనీరు తాతగారి జీవితం రాయబోయే చిరంజీవికి

ఝరాసంగం



నీటిపారుదల శాఖలో ఉద్యోగ జీవితమంతా గడిపి, నిండు వయసులో కన్నుమూసిన తాతగారి గురించి సంవత్సరీకం నాటికి ఒక చిన్న పుస్తకం తేవాలన్న సంకల్పం మెచ్చదగినది. అయితే ఇలాంటి పుస్తకాలు చాలావరకు రెండు ముక్కలుగా తయారవుతాయి. ముందు భాగంలో ఉద్యోగం, పదోన్నతులు, కట్టిన కట్టలు ఉంటాయి, వెనుక భాగంలో భార్యాబిడ్డల మీద ప్రేమ, పండుగనాటి ఫొటోలు ఉంటాయి. ఇల్లూ పనీ ఒకే మనిషి ఆయువును పంచుకున్నాయనీ, ఒకదానికి ఎక్కువ ఇచ్చిన రోజున రెండోదానికి తగ్గిందనీ, ఆ తగ్గినదాన్ని మరెవరో భరించారనీ ఆ రెండు భాగాల్లో ఎక్కడా కనిపించదు. ఇంటిని ప్రాణంగా చూసుకున్న ఇంజనీరు జీవితంలో రాయదగిన అసలు విషయం అదే.

ఇందుకు ముందుగా తెలుగు నేలతో ముడిపడిన ఒక పాత గ్రంథాన్ని చూడవలసి ఉంటుంది. ఆ గ్రంథం ఎవరి గురించో చెప్పాలంటే మన వైపు వాగుతోనే మొదలుపెట్టాలి. నారింజ వాగు కోహిర్ వైపు పుట్టి, బీదర్ జిల్లాలోకి వెళ్లి మంజీరలో కలుస్తుంది; మంజీర సింగూరు, నిజాంసాగర్ జలాశయాలను దాటి కందకుర్తి వద్ద గోదావరిని చేరుతుంది; ఆ గోదావరి మీద దవళేశ్వరం దగ్గర 1847, 1852 మధ్య ఆనకట్టను, అంటే ప్రవాహానికి అడ్డుగా నిలిచి నీటిని కాలువల్లోకి మళ్లించే కట్టడాన్ని, నిర్మించిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్. 1803 మే 15న పుట్టిన ఆయన 1899 జూలై 24న, 96 ఏళ్ల వయసులో మరణించగా, మరుసటి ఏడాదే ఆయన కుమార్తె ఎలిజబెత్, లేడీ హోప్ అన్న పేరుతో, తండ్రి జీవిత చరిత్రను ప్రచురించారు. కన్నబిడ్డ రాసిన పుస్తకం కాబట్టి అందులో భక్తి పాలు ఎక్కువే. అయినా ఉద్యోగ విరమణ తరువాత ఇంగ్లండులో డార్కింగ్‌లోని ఇంటి తోటలో లోతుగా దున్నిన నేలలో గోధుమ పండించే ప్రయోగాలు చేసిన వృద్ధుణ్ణి, కరువును నీటితోనే నివారించవచ్చని చివరిదాకా వాదించిన ఇంజనీరును ఆ పుస్తకం ఒకే మనిషిగా చూపగలిగింది. ఇంటివాళ్లు మాత్రమే చేయగల పని అది.

ఆ గ్రంథం నుంచి నేర్చుకోదగిన మరో సంగతి ఉంది. లేడీ హోప్ 1842 డిసెంబరులో పుట్టారు, అంటే ఆనకట్ట పని మొదలైన ఏడాదిలో ఆమె వయసు నాలుగేళ్లు. కాబట్టి ఆ నిర్మాణం గురించి ఆమె రాసినదంతా కళ్లతో చూసి రాసినది కాదు, ఉత్తరాల నుంచీ నివేదికల నుంచీ తండ్రితో పనిచేసినవారి మాటల నుంచీ కూర్చుకున్నది. అంతేకాక, కరువు నివారణకు సంబంధించిన భాగాన్ని తాను రాయకుండా, ఆ విషయం తెలిసిన విలియం డిగ్బీకి అప్పగించారు. మనుమడు తన తాతగారి గురించి రాసేటప్పుడు కూడా ఇదే పద్ధతి మేలు. తూము ఎలా కట్టారో, కట్టకు గండి పడినప్పుడు ఎలా పూడ్చారో తాతగారి కింద పనిచేసిన ఓవర్సీరుతో రాయించాలి, అన్నం ముందు కూర్చుని ఆయన ఏం మాట్లాడేవారో ఇంటివాళ్లు రాయాలి.

ప్రేమ ఉన్నంత మాత్రాన సాక్ష్యం నిజమైపోదు అనడానికి కూడా ఈ లేడీ హోప్ పేరే ఉదాహరణ. శాస్త్రవేత్త చార్లెస్ డార్విన్ చివరి రోజుల్లో తన సిద్ధాంతాన్ని గురించి పశ్చాత్తాపపడ్డారన్న కథనం 1915లో ఆమె పేరిట అమెరికాలో అచ్చయింది, దాన్ని డార్విన్ కుమార్తె హెన్రియెట్టా 1922లో బహిరంగంగా ఖండించారు. ఆ ఇంట్లో ఆ రోజుల్లో ఉన్న బిడ్డ చెప్పిన మాటకే చరిత్రకారులు విలువ ఇచ్చారు. పెద్దల గురించి అందంగా వినిపించే కథలన్నిటినీ ఈ గీటురాయి మీద గీయాలి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య రైలు శబ్దం విని పట్టా విరిగిందని కనిపెట్టారన్న కథ ఎందరో ఇంజనీర్ల సంస్మరణల్లో పేరు మార్చుకుని తిరుగుతూ ఉంటుంది. తాతగారి పుస్తకంలోకి అలాంటిది రాకూడదు.

ఏది నిలుస్తుందో ఏది నిలవదో తేల్చే పద్ధతి తాతగారి వృత్తిలోనే ఉంది. ఇంజనీర్లు ఎం.బుక్ అని పిలిచే కొలతల పుస్తకంలో పేజీలకు ముందే సంఖ్యలు వేసి ఉంటాయి, పేజీ చింపడానికి వీలు లేదు. తవ్విన మట్టి పొడవు, వెడల్పు, లోతు పనిచోటే కొలిచి తేదీతో రాసి సంతకం చేస్తారు, తప్పు పడితే రుద్దకుండా అడ్డగీత కొట్టి పక్కన పొట్టి సంతకం పెడతారు, పై అధికారి వచ్చి కొన్ని కొలతలను మళ్లీ తీసి చూస్తారు. దీనినే చెక్ మెజర్‌మెంట్ అంటారు. అలాగే ప్రతి జ్ఞాపకం పక్కనా చెప్పినవారు ఎవరు, అప్పుడు వారు ఎక్కడ ఉన్నారు, వారి వయసెంత అన్న మూడు వివరాలు రాసుకుంటే, సగం తగవులు పుస్తకం అచ్చుకాకముందే తీరిపోతాయి.

ఒక మనిషి గొప్పతనం రాసేటప్పుడు పక్కవాళ్లు మరుగున పడడం ఇంజనీర్ల విషయంలో మరీ ఎక్కువ. ఇసుక నేల మీద పునాది నిలబెట్టే విద్యను కావేరి మీది చోళుల కల్లణైని, అంటే నదికి అడ్డంగా వేసిన పాత రాతి కట్టను, చూసి నేర్చుకున్నట్టు కాటన్ స్వయంగా ఒప్పుకున్నారు. దవళేశ్వరంలో కూలీలను సమకూర్చి పని నడిపించడంలో కాటన్ దగ్గర పనిచేసిన వీణెం వీరన్న అండగా నిలిచారు. ఆరోగ్యం చెడి కాటన్ సెలవు మీద వెళ్లినప్పుడు ఆర్ అన్న పేరుగల కెప్టెన్ బాధ్యత మోశారు. తాతగారి పుస్తకంలోనూ నీరడికి, అంటే చెరువు తూము తెరిచి మడి మడికీ నీళ్లు పారించే గ్రామ సేవకుడికి, పేరు పెట్టి చోటివ్వాలి. అంతకంటే ముందు నాయనమ్మకు ఇవ్వాలి. బదిలీ ఉత్తర్వు వచ్చిన ప్రతిసారీ సామాను కట్టిందెవరు, పిల్లలను నడి సంవత్సరంలో కొత్త బడిలో చేర్చిందెవరు, వరద రాత్రుల్లో ఆయన కట్ట మీద ఉన్నప్పుడు జ్వరపడ్డ బిడ్డ దగ్గర కూర్చున్నదెవరు అన్న ప్రశ్నలకు జవాబులు లేకుండా ఆయన కుటుంబాన్ని ప్రేమించారని ఎన్నిసార్లు రాసినా అది ఉత్త మాటే అవుతుంది. ఆయన ఇంటికి ఏమి ఇవ్వలేకపోయారో నాయనమ్మ చెబితే దాన్ని కూడా దాచకుండా రాయాలి. ఇవ్వలేనిదాన్ని ఆయన తరువాత ఎలా తీర్చుకున్నారో అప్పుడే తెలుస్తుంది.

తెలంగాణలో జూలై 11ను ఇంజనీర్ల దినంగా జరుపుకొనేది నవాబ్ అలీ నవాజ్ జంగ్ జయంతి కారణంగా. 1877లో పుట్టి ఇంగ్లండులోని కూపర్స్ హిల్‌లో ఇంజనీరింగ్ చదివిన ఆయన మంజీర మీద నిజాంసాగర్‌ను 1923, 1931 మధ్య కట్టించారు. ఆయన పనుల జాబితా అందరికీ తెలుసు, ఇంటి మనిషిగా ఆయనను చూపే రాతలు మాత్రం సామాన్య పాఠకుడికి దొరకడం అరుదు. ఇది నిజంగా బాధాకరమైన లోటు. ఇక కట్టడాల సంగతికి వస్తే, నిజాంసాగర్ కట్టిననాడు సుమారు 29.7 టీఎంసీలు, అంటే 2,970 కోట్ల ఘనపుటడుగుల నీరు, పట్టేది. పూడిక చేరి ఆ సామర్థ్యం 17.8 టీఎంసీలకు తగ్గింది. కాబట్టి తాతగారు పనిచేసిన కట్ట గురించి రాసేటప్పుడు శాశ్వతం అన్న మాట వాడకుండా, ఇప్పుడు అది ఎంత నీరు పడుతోందో, ఏ షట్టరు పనిచేయడం లేదో వెళ్లి చూసి రాయాలి. కట్ట కింద పండిన పొలాలతో పాటు ముంపులో పోయిన ఊళ్ల పేర్లూ రాయాలి.

ఝరాసంగం వాడైన ఇంజనీరు గురించి ఇక్కడివాళ్లే అడగగల ప్రశ్న ఒకటి మిగిలి ఉంది. మంజీర నీరు దిగువ పొలాలకూ హైదరాబాదు నల్లాలకూ పోతూ ఉండగా, జహీరాబాద్ వైపు ఎర్రనేలలు జలాశయాల మట్టం కంటే ఎత్తున ఉండడం వల్ల వానకూ బోరుకూ ఎదురు చూస్తూ వచ్చాయి. మన ఊరి గుడిలోని కేతకీ సంగమేశ్వరుణ్ణి తలపించే పేరుతో సింగూరు నుంచి నీళ్లు ఎక్కించే సంగమేశ్వర ఎత్తిపోతల పథకానికి 2022 ఫిబ్రవరిలో నారాయణఖేడ్‌లో శంకుస్థాపన జరిగింది. పరాయి ఊళ్లకు నీళ్లిచ్చి సొంత ఊరికి ఇవ్వలేకపోయిన సంగతి తాతగారు ఇంట్లో ఎప్పుడైనా మాట్లాడారా అన్నది ఆయన తమ్ముళ్లను అడిగి తెలుసుకోవాలి. రాత పూర్తయ్యాక అచ్చుకు ఇవ్వకముందు మొత్తం నాయనమ్మకు చదివి వినిపించాలి. ఆమె తీసెయ్యమన్న వాక్యం ఎంత బాగున్నా తీసెయ్యాలి, ఆమె చేర్చమన్నది ఆమె మాటల్లోనే చేర్చాలి.