పొట్టి పిస్టల్, పెద్ద తూటా

ప్రశ్న: నిత్యం వెంట ఉంచుకోవడానికి .45 క్యాలిబర్ చిన్న పిస్టల్ నమ్మదగినదేనా?

జవాబు: జాన్ బ్రౌనింగ్ రూపొందించగా అమెరికా సైన్యం 1911లో స్వీకరించిన .45 పిస్టల్ గొట్టం పొడవు 5 అంగుళాలు కాగా, కోల్ట్ సంస్థ 1985లో తెచ్చిన ఆఫీసర్స్ మోడల్‌లో అది 3.5 అంగుళాలకు తగ్గింది. దానితోపాటు స్లైడ్, అనగా పేలుడు వేగానికి వెనక్కు జరిగి ఖాళీ తొడుగును బయటికి విసిరే పైభాగం, తేలికై మరింత వడిగా కదలడం వల్ల గట్టి స్ప్రింగు అవసరమవుతుంది. తూటాల అర అయిన మ్యాగజైన్ తదుపరి తూటాను పైకెత్తడానికి దొరికే వ్యవధీ కుంచించుకుపోతుంది. తూటా మొన పైకి లేచి ఏటవాలుగా ఇరుక్కుపోవడం ఇందువల్లనే. మణికట్టు సడలినా ఇదే ఇబ్బంది తలెత్తవచ్చు. స్ప్రింగులను త్వరగా మారుస్తూ, వెంట ఉంచుకునే రకం తూటాలతోనే పరీక్షించిన పిస్టల్‌ను మాత్రమే నమ్మడం క్షేమం.