రియాద్‌లో ఉన్న అల్లుడికి



సెప్టెంబర్ 23న వాళ్ల జాతీయ దినోత్సవానికి సౌదీ జెండా అచ్చేసిన టీషర్టులు అమ్ముదామని నీకు పని ఇచ్చిన కఫీల్‌కు నువ్వే చెప్పావట. అక్క మురిసిపోతూ చెప్పింది గానీ, విన్నప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. వద్దు బిడ్డా.

ఆ పచ్చబట్ట మీది తెల్లని రాత షహాదా. అల్లాహ్ తప్ప ఆరాధ్యుడు లేడని, ముహమ్మద్ ఆయన ప్రవక్త అని చెప్పే మాట. మనిషి ఇస్లాంలోకి వచ్చేదే ఆ మాట పలికి. దాన్ని చెమట ఒంటికి తొడిగి, బకెట్లో నానబెట్టి, చివరికి నేల తుడిచే గుడ్డను చేస్తామా? అందుకే దుఃఖంలో కూడా ఆ జెండాను సగానికి దించరు. 2015లో అబ్దుల్లా రాజు పోయినప్పుడూ దించలేదు. 2007లో అఫ్గానిస్థాన్‌లోని ఖోస్త్‌లో అమెరికా సైనికులు పిల్లలు ఆడుకుంటారని హెలికాప్టర్ నుంచి ఫుట్‌బాల్స్ జారవిడిచారు. వాటి మీద వేరే దేశాల జెండాలతో పాటు ఇదీ ఉంది. ఆ మాటను కాలితో తన్నిస్తారా అని జనం రోడ్డెక్కారు. వాళ్లూ మంచి మనసుతోనే ఇచ్చారు, నీలాగే.

రాత్రి షిఫ్టుల్లో వేళకు తింటున్నావా? ఫోన్లో నీ గొంతు బొంగురుగా ఉంది. అచ్చు ఇంకుల వాసన దగ్గర ముక్కుకు గుడ్డ కట్టుకో.

అక్కడే రియాద్ బత్తాలో నేను కుట్టుపని చేసినప్పుడు మా యెమెన్ ఉస్తాద్ ఈ జెండాలే కుట్టించేవాడు. ఎటు నుంచి చూసినా రాత కుడి నుంచి ఎడమకే సాగాలి, దాని కింది కత్తి మొన కూడా ఎడమకే ఉండాలి. ఒకే బట్టయితే వెనక అక్షరాలు తిరగబడతాయి కదా, అందుకని రెండు బట్టలను వీపులు కలిపి కుడతాం. పోగంత జరిగినా ఎండకు పట్టి చూస్తే వెనక అక్షరం నీడ ముందుకు తేలేది. ఉస్తాద్ మాట్లాడకుండా కుట్టంతా విప్పించేవాడు. కత్తిరింపులో అక్షరమున్న పీలిక ఏదైనా రాలితే, పొద్దంతా నడుము పట్టేసిందని మూలిగే మనిషి, ఎవరి చెప్పూ పడకముందే వంగి తీసి వేరే సంచిలో దాచేవాడు. ఆయన చేతుల్లో చూశాకే ఆ జెండా ఏమిటో నాకు తెలిసింది.

ఆ జెండా ఎప్పటిదని అడిగావు కదా. 1937 మార్చి 11న అబ్దుల్ అజీజ్ రాజు ఆమోదించాడు. ఆ తేదీనే 2023 నుంచి జెండా దినోత్సవం జరుపుతున్నారు. ఇప్పటి రూపు ఖాయమైంది 1973లో.

పండక్కి ఉత్త పచ్చ టీషర్టులు చాలు, అవీ అమ్ముడుపోతాయి. రేపు పొద్దున్నే కఫీల్‌తో మాట్లాడి నాకు ఫోన్ చెయ్యి. జగిత్యాల నుంచి వచ్చే మనిషితో అక్క సకినాలు పంపుతోంది. గదిలో పిల్లలందరికీ పెట్టు, నీకు మాత్రం నాలుగు ఎక్కువ ఉంచుకో.

మీ మామ