గాజును వెలుతుర్లో చూసుకో తల్లీ

కాకినాడ



కాఫీ కూజా పగిలింది, కొత్తది ఏది కొనమంటారు అత్తయ్యా అని ఒక్క ముక్క రాసి, ఆ తర్వాత ఉత్తరమంతా బుజ్జిగాడి పళ్ళ గురించే రాశావు. అరచేతికి కుట్లు పడ్డాయని మీ అమ్మ ఫోనులో అనకపోతే నాకు తెలిసేదే కాదు. కుడి చెయ్యే కదా? అన్నం స్పూనుతో తింటున్నావా? కట్టు తడవనివ్వకు. గిన్నెల జోలికి వెళ్ళకు, అల్లుడు తోముతాడు. కంగారు పడతానని దాచావని తెలుసు. దాస్తే ఇంకా ఎక్కువ కంగారు పడతాను తల్లీ.

మీ అమ్మ చెప్పింది బట్టి నాకు అర్థమైంది ఇదీ. పగిలిన ఆ కూజాలో, అదే ఫ్రెంచ్ ప్రెస్సులో, మన ఫిల్టరు పొడి వేశావు. అదేమో మెత్తన, పైగా చికోరీ కలిసింది. నానగానే పిడి కింది జాలీ కన్నాలు పూడుకుపోతాయి, అడుగునున్న నీళ్ళు పైకి రావడానికి దారుండదు. పిడి దిగలేదని ఒంటి బరువంతా వేసి నొక్కావు. ఇకమీద దాన్లో చికోరీ లేని పొడే వెయ్యి, అదీ బొంబాయి రవ్వంత బరకగా పట్టించి. అర లీటరు నీళ్ళకి 30 గ్రాములు. మరిగిన నీళ్ళు అర నిమిషం ఆగి పొయ్యి, నాలుగు నిమిషాలు నాననివ్వు. పిడి రెండు వేళ్ళ బలానికి దిగాలి. దిగకపోతే కొంచెం పైకి లాగి, ఆగి, మళ్ళీ మెల్లగా వదులు. అప్పటికీ మొరాయిస్తే ఆ పూటకి కాఫీ మానెయ్. ఆఫీసుకి ఆలస్యమైతే ఏమీ కాదు.

కానీ నన్ను నిద్రపోనివ్వనిది పొడి కాదు. ఆ గాజు మీద అంతకుముందే గీత ఉండి ఉంటుంది. స్టీలు చెంచాతో కలిపి ఉంటావు, పీచుతో తోమి ఉంటావు. స్టీలు గ్లాసు మీద దెబ్బ పడితే సొట్ట పడి ఊరుకుంటుంది. గాజుకి వంగడం తెలియదు. దాని మీద పడ్డ ఒత్తిడంతా ఆ గీత కొన దగ్గర పోగవుతుంది, ఒకరోజు అక్కణ్ణించే చీలుతుంది. 1921లోనే గ్రిఫిత్ అనే ఇంగ్లండు ఇంజనీరు ఈ సంగతి గాజు మీద ప్రయోగాలు చేసి మరీ తేల్చాడు. మేం కెమిస్ట్రీ ల్యాబులో చేసే రోజుల్లో ఫ్లాస్కులన్నీ రాక్‌లో పెట్టేముందు ఒక్కొక్కటే కిటికీకి ఎత్తి చూసేవాళ్ళం. అడుగున చుక్కలా చిన్న పగులు కనబడితే, ఎంత ఖరీదైనదైనా సరే, ఆ రోజుతో దాని పని అయిపోయినట్టే.

ఆ ల్యాబులోనే ఒక ఫస్టియర్ అమ్మాయి, అచ్చం ఆ వయసులో నువ్వున్నట్టే ఉండేది, కార్కులోకి గాజు గొట్టం దూర్చబోయింది. గొట్టం తడపాలి, గుడ్డ చుట్టాలి, కార్కుకి దగ్గరగా పట్టుకుని తిప్పుతూ దూర్చాలి. ఆ పిల్ల దూరంగా పట్టుకుని తోసింది. గొట్టం విరిగి చేతిలో దిగింది. ఆ నెత్తురు చూసినప్పట్నించీ గాజుని బలవంతం చేసేవాళ్ళని చూస్తే నా కాళ్ళలో వణుకు. నీ కబురు విన్నప్పుడూ అంతే. అందుకే చెబుతున్నాను: రోజూ పొద్దున్నే కూజాని కిటికీ దగ్గర ఎత్తి చూడు. వారానికోసారి గోరుతో చుట్టూ తడిమి చూడు. గీత తగిలితే పారెయ్. నెల తిరిగాక ఒక ఫోటో నాకూ పంపు, నేనూ చూస్తాను.

కొనేటప్పుడు బోరోసిలికేట్ అని అచ్చువేసి ఉందో లేదో చూడు, 3.3 అని ఉంటే మరీ మంచిది. వేడికి అది సాగేది మామూలు గాజు సాగేదాంట్లో దాదాపు మూడో వంతే. అందుకే మరుగు నీళ్ళకి తట్టుకుంటుంది. అమెరికాలో కార్నింగ్ కంపెనీ శాస్త్రవేత్త భార్య బెస్సీ లిటిల్టన్ వంటపాత్ర పగిలితే, 1913లో భర్త కోసి తెచ్చిన ఇలాంటి గాజు బ్యాటరీ జాడీ అడుగులో కేకు చేసి చూపించింది. 1915లో పైరెక్స్ గిన్నెలు అంగళ్ళకొచ్చాయి. ఈ కథ పిల్లలకి చెప్పడం నాకు ఎంత ఇష్టమో! అయినా సరే, స్టవ్ మీంచి దింపిన గాజుని తడి గ్రానైటు గట్టు మీద పెట్టకు. కింద చెక్క పలకో గుడ్డో ఉండాలి. ఫ్రెంచ్ ప్రెస్సుని మంట మీద అసలే పెట్టకు. ఇంకో మాట, వేడి గాజు, చల్లారిన గాజు కంటికి ఒకేలా కనిపిస్తాయి. బుజ్జిగాడు గట్టు అందుకునే వయసుకొస్తున్నాడు.

నన్నడిగితే ఫ్రెంచ్ ప్రెస్సు బదులు కెమెక్స్ తీసుకో. పీటర్ ష్లుంబోమ్ అనే కెమిస్టు 1941లో చేశాడు. మా ల్యాబు గరాటుని కోనికల్ ఫ్లాస్కు మీద అతికిస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. నడుముకి చెక్క పట్టీ, తోలు తాడు. న్యూయార్క్ మ్యూజియంలో పెట్టారంటే ఎంత అందంగా ఉంటుందో చూడు. దాన్లో నొక్కే పనే లేదు, కాగితం మీద నీళ్ళు పొయ్యడమే. మీ నాన్న కొలెస్టరాల్ సంగతి నీకు తెలుసుగా, కాఫీ గింజలో కెఫెస్టాల్ అనే నూనె పదార్థం ఉంటుంది, చెడ్డ కొలెస్టరాల్ పెంచేది. జాలీలోంచి అది దిగిపోతుంది, కాగితం చాలావరకు ఆపేస్తుంది. ఆయన మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ కాగితం వడపోత కాఫీయే ఇవ్వు.

గ్లాసులకి వస్తే, మందం ఎక్కువుంటే గట్టిదనుకోకు. మరిగేది పోస్తే లోపలి వైపు వేడెక్కి సాగుతుంది, బయటి వైపు చల్లగానే ఉంటుంది, ఆ లాగులాటకి పగులుతుంది. టీ కొట్టువాడు గ్లాసుని ముందు వేణ్ణీళ్ళతో తొలుస్తాడు చూడు, నువ్వూ అలాగే చెయ్యి. నువ్వు ముచ్చటపడ్డ రెండు గోడల గ్లాసులు చేతికి కాలవు. అదే నా భయం. బయట చల్లగా ఉంది కదా అని పిల్లవాడు నోట్లో పెట్టుకుంటే లోపల పొగలు కక్కుతూ ఉంటుంది. వాడు పెద్దవాడయ్యేదాకా అవి పై అరలోనే ఉండనీ. మీ ఇద్దరికీ స్టీలు గ్లాసుల్లో కాఫీ తక్కువ రుచిగా ఏమీ ఉండదు.

కడగడానికి మెత్తని స్పాంజి, పొడుగు బ్రష్షు. చెయ్యి లోపలికి దూర్చకు, ఎంత తొందరైనా దూర్చకు. మీ బోరు నీళ్ళకి తెల్లటి పొర పేరుకుంటే నిమ్మరసం పోసి ఉంచు, కరిగిపోతుంది. గీకకు.

పగిలిన ముక్కలు ఎలా పారేశావు? కవర్లో వేసి ఇచ్చేశావా? చెత్త తీసుకెళ్ళే ఆవిడకీ చేతులే కదా తల్లీ. ఇకమీద పెద్ద ముక్కలు పేపర్లో మందంగా చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, పైన గాజు అని రాసి చేతికి చెప్పి ఇవ్వు. కంటికి కనబడని నలుసుల్ని తడిపిన గోధుమపిండి ముద్దతో అద్ది తియ్యాలి. వంటింటి మూలలు అల్లుడి చేత మళ్ళీ ఒకసారి అద్దించు, బుజ్జిగాడు పాకుతున్నాడు.

మీ నాన్న రేపు రాత్రి ఇక్కణ్ణించే గౌతమి రైలు ఎక్కుతున్నాడు. ఆయన సంచీలో అరకు గింజలు పెట్టాను, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరబికా అదే. పొడి చేయించలేదు, ఎప్పటికప్పుడు పట్టించుకుంటే వాసన నిలుస్తుంది. సంచీ అడుగున సున్నుండల డబ్బా ఉంది, ఎడం చేత్తోనైనా తినొచ్చు.

మీ
అత్తయ్య