టమాటా నారు పోసే ముందు: తెగులు పేరు చెప్పి విత్తనం అడగండి

చల్లపల్లి, ఘంటసాల, మోపిదేవి మండలాల మెరక పొలాల్లో, కృష్ణ ఒడ్డు లంకల్లో శీతాకాలపు కూరగాయలకు నార్లు పోసే అదను ఇది. టమాటాలో ఆకుముడత వైరస్ ఒక్కసారి మొక్కలోకి దిగితే నయం చేసే మందు లేదు. మనం కొట్టే మందు దాన్ని మోసుకొచ్చే తెల్లదోమ మీదే పనిచేస్తుంది. కాబట్టి జాగ్రత్త తెగులును తట్టుకునే విత్తనం దగ్గరే మొదలుకావాలి. అలాంటి విత్తనాల తయారీకి తోడ్పడేది మార్కర్.

మార్కర్ చేసే పని

తెగులును తట్టుకునే జన్యువుకు ఆనుకుని డీఎన్‌ఏలో ఉండే గుర్తే మార్కర్. లేత నారు నుంచి చిన్న ఆకు ముక్క తీసి పరీక్షిస్తే ఆ జన్యువు వచ్చిందో లేదో తెలుస్తుంది. తెగులు సోకేదాకా ఎదురుచూడక్కర్లేదు. మొక్కలను కలిపేది మామూలు సంకరణంతోనే. ఇది జీఎం పంట కాదు.

దీని సత్తా మన వరిలోనే రుజువైంది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అదే మన బీపీటీ 5204, బాక్టీరియా ఎండాకు తెగులుకు తేలిగ్గా లొంగిపోతుంది. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు జన్యువులను అందులోకి తెచ్చారు. 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి విడుదలైంది. ఆ మూడు జన్యువుల్లో చివరి రెండూ తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే పనిచేస్తాయి. ఒకవైపు నుంచే వస్తే ఉన్నట్టే పైకి తెలియదు. ఎక్స్‌ఏ21 ఒక్కటే ఉన్న మొక్క, మూడూ ఉన్న మొక్క పొలంలో ఒకేలా పచ్చగా కనిపించవచ్చు. కంటికి అందని ఆ తేడాను మార్కర్ పట్టిచ్చింది. అందుకే సాంబ మసూరితో మళ్లీ మళ్లీ సంకరం చేసినా ఆ జన్యువులు జారిపోలేదు, సన్నగింజ గుణమూ పోలేదు.

టమాటాలోనూ ఇదే దారి. ఆకుముడతను తట్టుకునే టీవై-1, టీవై-2, టీవై-3 జన్యువులు అడవి టమాటా జాతుల నుంచి వచ్చాయి. వాటిని రెండేసి కలిపి ఒకే రకంలో నిలపడానికి మార్కర్లే ఆధారం. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ హైబ్రిడ్ ఆకుముడత, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకుంటుంది.

విత్తనం కొనేటప్పుడు

• "తెగుళ్లు రావు" అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. ఏ తెగులుకు అని పేరు పెట్టి అడగండి. ఆకుముడతను ఆపే జన్యువు ఎండు తెగులును ఆపదు.
• ప్యాకెట్ మీద హెచ్‌ఆర్ అని ఉంటే తట్టుకునే శక్తి ఎక్కువ, ఐఆర్ అని ఉంటే మధ్యస్థం.
• హైబ్రిడ్ కాయల నుంచి విత్తనం కట్టుకోవద్దు. తర్వాతి తరంలో ఆ గుణం అన్ని మొక్కలకూ రాదు.
• బిల్లు, ఖాళీ ప్యాకెట్ పంట అయ్యేదాకా దాచండి.

నారు, నాట్లు

• ప్రోట్రేల్లో, తెల్లదోమ దూరని సన్నని వలల కింద నారు పెంచండి.
• 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో ట్రైకోడెర్మా వృద్ధి చేసి ఆఖరి దుక్కిలో వేయండి.
• వంగ, మిరప, టమాటా పండించిన చేలో మళ్లీ టమాటా వేయవద్దు. వరి కోసిన మెరక మేలు. వరికి నీరు నిలిపిన నేలలో నులిపురుగులు, ఎండు తెగులు తగ్గుతాయి.
• నులిపురుగులను తట్టుకునే ఎంఐ జన్యువు నేల వేడి 28 డిగ్రీలు దాటితే సరిగా పనిచేయదు. వేసవి పంటకు దాన్నే నమ్ముకోవద్దు.
• చేను చుట్టూ రెండు మూడు వరుసలు జొన్న లేదా మొక్కజొన్న ముందుగానే వేయండి. పసుపు జిగురు అట్టలు పెట్టండి.

తట్టుకునే రకం వేశామని ఈ పనులు మానితే నష్టం మనదే. పూసా సావని బెండ ఒకప్పుడు పల్లాకు తెగులును తట్టుకునేది; ఇప్పుడు అదే తెగులుకు లొంగిపోతోంది. తెల్లదోమ ఎంత తక్కువగా ఉంటే జన్యువు బలం అంత ఎక్కువ కాలం నిలుస్తుంది. తట్టుకోవాల్సిన రకంలో ముడత కనిపిస్తే ఆ మొక్కలను వెంటనే పీకి కాల్చేయండి. ముడత ఎక్కువవుతుంటే ప్యాకెట్‌తో పాటు ఒక మొక్కను ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లి చూపించండి. వైరస్ మారిందేమో శాస్త్రవేత్తలకు ముందుగా తెలిసేది మీ చేను నుంచే.