ఆకాశం నుండి ఆకుల లెక్క

చెట్టుకు ఆకు వంటశాల వంటిది. సూర్యకాంతితో ఆహారాన్ని తయారుచేసేది, బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనేది, నీటిని ఆవిరిగా విడిచి పరిసరాలను చల్లబరచేది ఆకే. కాబట్టి ఒక అడవి శక్తిని తెలుసుకోవాలంటే చెట్లను లెక్కించినంత మాత్రాన చాలదు. ఆకుల విస్తీర్ణాన్ని కూడా తెలుసుకోవాలి.

ఒక చదరపు మీటరు నేలపై ఉన్న ఆకులన్నింటినీ ఒకవైపు మాత్రమే కొలిచి కూడితే నాలుగు చదరపు మీటర్లు వచ్చిందనుకొందాం. అక్కడి 'పత్ర వైశాల్య సూచిక' నాలుగు అవుతుంది. పంటల అధ్యయనం కోసం ఈ భావనను 1947లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు డి.జె. వాట్సన్ ప్రతిపాదించాడు. పొలంలో మొక్కలను కోసి ఆకులను కొలవవచ్చు. వేల చదరపు కిలోమీటర్ల అడవిలో అది సాధ్యం కాదు. అందువల్ల శాస్త్రజ్ఞులు ఉపగ్రహాలను ఆశ్రయించారు.

1972లో అమెరికా తొలి లాండ్‌శాట్‌ను ప్రయోగించింది. మన దేశపు తొలి పూర్తిస్థాయి కార్యాచరణ దూర సంవేదన ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్.-1ఎ 1988లో కక్ష్యలో చేరింది. 2003లో శ్రీహరికోట నుండి రిసోర్స్‌శాట్-1 బయలుదేరింది. ఇటువంటి ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం స్వీకరించి, చిత్రాలుగా రూపొందిస్తుంది.

ఉపగ్రహం ఆకులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టదు; వాటిపై పడి తిరిగివచ్చే కాంతిని కొలుస్తుంది. ఆకులోని పత్రహరితం ఎరుపు కాంతిని ఎక్కువగా గ్రహిస్తుంది. కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని మాత్రం ఆకు ఎక్కువగా వెనుకకు పంపుతుంది. పరారుణ కాంతి నుండి ఎరుపు కాంతిని తీసివేసి, ఆ భేదాన్ని రెండింటి మొత్తంతో భాగిస్తే వృక్ష సూచిక వస్తుంది. ఉదాహరణకు, పచ్చని ఆకులు నూటికి 45 పాళ్లు పరారుణ కాంతిని, 5 పాళ్లు ఎరుపు కాంతిని వెనుకకు పంపితే సూచిక 0.8. మొక్కలు లేని నేల 25, 20 పాళ్ల చొప్పున పంపితే అది 0.11 మాత్రమే.

అయితే ఈ పద్ధతికి పరిమితులున్నాయి. దట్టమైన అడవిలో పై ఆకులు కింది ఆకులను కప్పివేయడం వల్ల, పత్ర వైశాల్యం పెరిగినా సూచిక అంతగా పెరగదు. ఋతుభేదం మరొక చిక్కు. నల్లమల అడవులు చాలావరకు ఆకురాల్చే అడవులు. డిసెంబరు చిత్రాన్ని ఏప్రిల్ చిత్రంతో పోల్చి అడవి నశించిందనడం, శిశిరం చేసిన పనిని గొడ్డలికి అంటగట్టడమే.

అందుచేత శాస్త్రజ్ఞులు అడవిలోకి వెళ్లక తప్పదు. వారు ఎంపిక చేసిన చోట్ల చెట్ల కింద నుండి పైకి ఫొటోలు తీసి, ఆకుల సందులలో కనిపించే ఆకాశాన్ని బట్టి పత్ర వైశాల్యాన్ని గణిస్తారు. రాలిన ఆకులను సేకరించి కొలుస్తారు. ఈ కొలతలకూ ఉపగ్రహ సూచికకూ గల సంబంధాన్ని నిర్ధారించి, దానిని అడవి అంతటికీ అన్వయిస్తారు.

ఈ లెక్కను అర్థం చేసుకోవడంలోనూ జాగ్రత్త అవసరం. 2000-2017 మధ్య ప్రపంచ పత్ర వైశాల్యం సుమారు 5 శాతం పెరిగిందని 2019లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. భారతదేశంలో పెరిగిన పచ్చదనంలో 82 శాతం పంటపొలాలది, అడవులది 4.4 శాతమే. నీటి వసతితో రెండవ పంట వేసిన పొలం కూడా ఉపగ్రహానికి పచ్చగానే కనిపిస్తుంది. కాని ఆ పంట కోతతో ముగుస్తుంది. వన్యమృగాలకు అది నెలవు కాజాలదు. పచ్చనిదంతా అడవి కాదని గుర్తించినప్పుడే ఈ అంకెలు అడవుల రక్షణకు ఉపకరిస్తాయి.

కఠిన పదాలకు అర్థాలు
పత్రం = ఆకు
సూచిక = పరిమాణాన్ని తెలిపే అంకె
దూర సంవేదన = దూరం నుండి వస్తువును తాకకుండా సమాచారం సేకరించడం
నెలవు = నివాసస్థానం

ప్రశ్నలు
1. పత్ర వైశాల్య సూచిక అంటే ఏమిటి?
2. ఉపగ్రహం పచ్చదనాన్ని ఎలా గుర్తిస్తుంది?
3. 'పచ్చనిదంతా అడవి కాదు' అనే మాటను పాఠం ఆధారంగా సమర్థించండి.