మూసారాంబాగ్ గుట్ట, మూడు రంగుల జెండా



దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ విచారణల నుండి మలక్‌పేట వైపు వెళ్ళేవారికి మూసారాంబాగ్ తెలియని పేరు కాదు. అది ఫ్రెంచి సేనాని రేమండ్ పేరు మీద వచ్చిందని చెబుతారు. ముస్లిములకు ఆయన మూసా రహీమ్, హిందువులకు మూసా రామ్. దగ్గర్లోనే ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఉంది.

నిజాం అలీఖాన్ కొలువులో రేమండ్ తయారు చేసిన పటాలాలు ఫ్రెంచి రిపబ్లిక్కు జెండా పట్టుకొని నడిచేవని నాటి ఆంగ్లేయులు రాశారు. సిపాయిలు మనవాళ్ళు, జీతం నిజాముది, జెండా మాత్రం ఫ్రాన్సుది! ఆంగ్లేయులకు కంటగింపైనది ఇదే.

ఇంతకీ ఆ జెండా ఏమిటి? నీలం, ఎరుపు పారిస్ నగరపు రంగులు, తెలుపు రాజుగారిది. 1790లో ఓడలకిచ్చిన జెండాలో ఎరుపు కర్ర పక్కన ఉండేది. 1794 ఫిబ్రవరి 15 నాటి శాసనం నీలాన్ని కర్ర పక్కకు తెచ్చింది. 1815లో రాజులు తిరిగి వచ్చి తెల్ల జెండా ఎత్తారు. 1830లో మళ్ళీ మూడు రంగులే నిలిచాయి. నేల మీద ఎగిరే జెండాలో మూడు పట్టీలూ సమానం. ఓడల జెండాలో అలా కాదు. నూటికి నీలం 30, తెలుపు 33, ఎరుపు 37 పాళ్ళు. గాలికి రెపరెపలాడే చివరి భాగం దూరానికి సన్నగా కనబడుతుంది గనుక ఆ కొసను వెడల్పు చేశారు. ఎంత ముందుచూపో చూడండి!

మన కతోలిక కుటుంబాలకు ఈ జెండాతో చేదు జ్ఞాపకం కూడా ఉంది. విప్లవకాలంలో ఫ్రాన్సులో దేవాలయాలు మూతపడ్డాయి, ఎందరో గురువులు ప్రాణాలు కోల్పోయారు. 1798 ఫిబ్రవరిలో ఫ్రెంచి సైన్యం 6వ పయస్ పోపుగారిని రోము నుండి పట్టుకుపోయింది. మరుసటి ఏడు వాలెన్స్‌లో ఆయన బందీగానే మరణించారు.

అదే 1798లో, మార్చి 25న, రేమండ్ కన్నుమూశాడు. సెప్టెంబరు 1న నిజాం ఆంగ్లేయులతో ఒడంబడిక చేసుకొని, ఫ్రెంచి పటాలాలను రద్దు చేయడానికి ఒప్పుకున్నాడు. బకాయి జీతాల కోసం సిపాయిలు తమ ఫ్రెంచి అధికారుల మీదే తిరగబడ్డారు. అక్టోబరు 22న సుమారు 14,000 మంది ఆయుధాలు దించేశారు. రక్తం చిందలేదు. హైదరాబాదులో ఆ జెండా కథ అంతటితో సరి. మన గోదావరి తీరాన యానాంలో మాత్రం అది 1954 దాకా ఎగిరింది.

గుట్ట మీద నల్లరాతి స్తంభం నేటికీ ఉంది. పక్కనున్న మంటపం 2001లో కూలిపోతే తిరిగి కట్టారు.