గాజుకీ అదనుంది: హార్వే లిటిల్టన్ ప్రయోగ జీవితం

సైన్సు చదివేవాళ్ళకు కళ ఎందుకు, కళ చదివేవాళ్ళకు సైన్సు ఎందుకు అని మన కాలేజీలో ఏటా ఒకసారైనా వాదన జరుగుతూనే ఉంటుంది. రెండు పక్షాలవాళ్ళూ గట్టిగానే మాట్లాడతారు, చప్పట్లు కొట్టించుకుంటారు. ఆ తర్వాత ఎవరి లాబరేటరీకి వాళ్ళు, ఎవరి క్లాసుకి వాళ్ళు వెళ్ళిపోతారు. ఆ వాదనను ఉపన్యాసంతో కాకుండా ఒక మనిషి జీవితంతో పరీక్షించి చూద్దామన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ మనిషి అమెరికా దేశస్థుడు హార్వే లిటిల్టన్ (1922–2013). ఆయన పట్టుకున్న వస్తువు గాజు.

గాజు స్వభావం

ముందు గాజు సంగతి తెలిస్తేగాని ఆ కళాకారుడి సంగతి అర్థం కాదు. మంచుగడ్డ సున్నా డిగ్రీల దగ్గర కరుగుతుంది. దానికి ఒక గీత ఉంది. ఇటు ఘనం, అటు ద్రవం. గాజుకు అలాంటి గీత లేదు. వేడి చేస్తున్నకొద్దీ మెత్తబడుతుంది, సాగుతుంది, చివరికి తేనెలా జారుతుంది. చల్లారుతున్నకొద్దీ మళ్ళీ ముదురుతుంది. ద్రవం ఎక్కడ ఆగి ఘనం ఎక్కడ మొదలయిందో వేలు పెట్టి చూపలేం.

చెరుకు పండించే ఊళ్ళవాళ్ళకు ఇది కొత్త సంగతేమీ కాదు. బెల్లం వండేటప్పుడు పెనం దగ్గర నిలబడ్డ పెద్దవాళ్ళు థర్మామీటరు చూడరు. గరిటె ఎత్తి, పాకం జారే తీరు చూస్తారు. చిటికెడు పాకం నీళ్ళలో వేసి వేళ్ళతో నొక్కి చూస్తారు. లేత పాకం, తీగ పాకం, ముదురు పాకం అని మనవాళ్ళు అనే మాటలన్నీ నిజానికి స్నిగ్ధతకు పెట్టుకున్న కొలతలే.

గాజుకు ఆ కొలతలు అంకెల్లో ఉన్నాయి. మామూలు నీటి స్నిగ్ధత 0.01 పాయిజ్. గాజు ఊదేవాడు పని మొదలుపెట్టే సమయానికి గాజు స్నిగ్ధత 10,000 పాయిజ్ ఉంటుంది. కిటికీలకూ సీసాలకూ వాడే మామూలు గాజు ఆ స్థితిలో ఉండాలంటే ఇంచుమించు 1000 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. 720 డిగ్రీల ప్రాంతానికి దిగేసరికి అదే గాజు స్నిగ్ధత 4 కోట్ల పాయిజ్ అవుతుంది. 550 ప్రాంతంలో 10 లక్షల కోట్లు! ఈ చివరి మజిలీలో గాజును కాసేపు నిలిపి, మెల్లమెల్లగా చల్లార్చాలి. అలా చెయ్యకపోతే పై పొర ముందు బిగుసుకుని, లోపలిది వెనక బిగుసుకుని, రెండింటి మధ్య ప్రతిబలాలు మిగిలిపోతాయి. అప్పుడు గాజు ఎవరూ ముట్టుకోకుండానే ఏ అర్ధరాత్రో టప్పున పగులుతుంది. మెల్లగా చల్లార్చే ఈ పనినే మన పాఠ్యగ్రంథాల్లో మందశీతలీకరణం అంటున్నాం.

అంటే ఊదడానికి, వంచడానికి, అతకడానికి వీలైన కాలం చాలా తక్కువ. రైతు అదనూ పదనూ చూసి అరక కట్టినట్టే గాజు పనివాడూ అదను కనిపెట్టుకుని ఉండాలి. పొలం తడి ఎక్కువైనా దున్నలేం, ఆరిపోయినా దున్నలేం. గాజూ అంతే. తేడా ఒక్కటే: పొలం పదను నాలుగు రోజులుంటుంది, గాజు పదను నిమిషాల్లో పోతుంది.

తండ్రి కొలిచిన బిందువు

హార్వే పుట్టింది న్యూయార్కు రాష్ట్రంలోని కార్నింగ్ అనే ఊళ్ళో. ఆ ఊరికి గాజు ఫ్యాక్టరీయే అన్నం. తండ్రి జెస్సీ లిటిల్టన్ కార్నింగ్ గ్లాస్ వర్క్స్‌లో భౌతిక శాస్త్రవేత్త. 1913లో హార్వే తల్లి బెస్సీ, భర్త ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన బ్యాటరీ జాడీల అడుగు భాగాన్ని వంటపాత్రగా వాడి కేకు కాల్చి చూసింది. గాజు పగల్లేదు, కేకు సమంగా ఉడికింది. 1915లో మార్కెట్టుకు వచ్చిన పైరెక్స్ వంటపాత్రల కథకు ఆ కేకే మొదలు. మన కెమిస్ట్రీ లాబరేటరీలో బీకర్ల మీద కనిపించే పేరు అదే. బోరాన్ ఆక్సైడు కలిసిన ఆ గాజు వ్యాకోచ గుణకం మామూలు గాజుతో పోలిస్తే మూడో వంతు మాత్రమే. అందుకే మంట మీద పెట్టినా తట్టుకుంటుంది.

జెస్సీ లిటిల్టన్ పేరు భౌతిక శాస్త్రంలో మరో విధంగా కూడా నిలిచింది. పైన చెప్పిన 4 కోట్ల పాయిజ్ స్థితి ఉందే, దాన్ని 'లిటిల్టన్ మృదుత్వ బిందువు' అంటారు. కొలిచే పద్ధతి చాలా సులువైనది. సుమారు 23 సెంటీమీటర్ల పొడవు, మిల్లీమీటరుకన్నా సన్నం ఉన్న గాజు పోగును చిన్న కొలిమిలో నిలువుగా వేలాడదీస్తారు. వేడిని నిమిషానికి 5 డిగ్రీల చొప్పున పెంచుకుంటూ పోతారు. కింద బరువేమీ కట్టరు. తన బరువుకు తానే నిమిషానికి ఒక మిల్లీమీటరు చొప్పున ఆ పోగు సాగిన ఉష్ణోగ్రతే మృదుత్వ బిందువు. ఈ ప్రయోగాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. దీనితో ముందు ముందు పని ఉంది.

దారి మళ్ళిన కొడుకు

తండ్రి కోరిక ప్రకారం హార్వే మిషిగన్ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రం చదవడానికి చేరాడు. మనసు మాత్రం శిల్పం వైపు లాగింది. 1942లో ఒక స్త్రీమూర్తి మొండాన్ని మట్టితో చేసి, దాన్ని కార్నింగ్‌లో వైకార్ అనే, దాదాపు అంతా సిలికాయే అయిన గాజుతో పోత పోశాడు. తర్వాత యుద్ధం. సైన్యంలో సిగ్నల్ కోర్‌లో పనిచేసి తిరిగివచ్చి, డిజైను పట్టా పుచ్చుకుని, క్రాన్‌బ్రూక్‌లో కుండల కళ నేర్చి, 1951లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆ కళకే ఉపాధ్యాయుడయ్యాడు.

గాజు పుట్టింట్లో పెరిగినవాడు మట్టి దగ్గరకు ఎందుకు పోయాడని అడగవచ్చు. కారణం గట్టిదే. కుమ్మరి ఒక్కడే సారె తిప్పుతాడు, ఒక్కడే ఆవం పెడతాడు. గాజు అలా కాదు. ఆనాటి ఫ్యాక్టరీల్లో గాజు తొట్టెలు రాత్రింబవళ్ళు మండుతూ ఉండాలి, వాటి ముందు పనివాళ్ళు జట్లుగా ఉండాలి. కళాకారుడు చేసేదల్లా కాగితం మీద బొమ్మ గీసివ్వడం. గాజు ముట్టుకునేది వేరేవాళ్ళు. విత్తనం ఒకడిది, చేను ఒకడిది అన్నట్టుండేది వ్యవహారం. ఒంటరిగా చిన్న కొలిమి పెట్టుకున్నవాళ్ళు అసలే లేరని కాదు. పారిస్‌లో జాన్ సాలా అనే ఆయన అలా చేశాడు. 1957లో యూరపు వెళ్ళిన లిటిల్టన్ ఆయన్ని కలిశాడు. ఇటలీలోని మురానో ద్వీపంలో ఎన్నో కార్ఖానాలు తిరిగాడు, అక్కడ చిన్న కొలిమిలు కూడా చూశాడు. కొలిమిని చిన్నది చెయ్యగలిగితే గాజు ఒక్కడి చేతికి అందుతుందని ఆయనకు నమ్మకం కుదిరింది. ఇది కళకు సంబంధించిన ప్రశ్నే. జవాబు మాత్రం ఉష్ణశాస్త్రంలో ఉంది.

టొలీడోలో పది రోజులు

1962 మార్చి 23న ఓహాయో రాష్ట్రంలోని టొలీడో కళా మ్యూజియం ఆవరణలో, ఒక షెడ్డులో, లిటిల్టన్ చిన్న కొలిమి కట్టి శిబిరం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది కుండల కళాకారులు. మొదటి కరిగింపు దెబ్బతింది. ఆ గాజు పనికి లొంగలేదు. అక్కడితో శిబిరం ముగిసిపోవలసిందే. ఆదుకున్నవాడు డొమినిక్ లబీనో. ఆయన జాన్స్ మాన్‌విల్ కంపెనీలో గాజు పోగుల మీద పరిశోధన చేసే సాంకేతికుడు. కొలిమి కట్టుబడి మార్పించి, పోగులు తియ్యడానికి ఫ్యాక్టరీలో వాడే 475 నంబరు గాజు గోలీలు తెచ్చి కరిగించమన్నాడు. ఇసుక, సోడా, సున్నం కలిపి మొదటినుంచి వండాలంటే వేడి ఎక్కువ కావాలి, కాలం ఎక్కువ పడుతుంది. అప్పటికే ఒకసారి గాజుగా మారిన గోలీలయితే తక్కువ వేడికే కరుగుతాయి. వాటితో పని సాగింది. లిబ్బీ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన హార్వే లీఫ్‌గ్రీన్ అనే వృద్ధ పనివాడు వచ్చి, గొట్టం ఎలా పట్టాలో, ఊపిరి ఎలా వదలాలో చేసి చూపించాడు. ఏప్రిల్ 1న శిబిరం ముగిసింది. జూన్‌లో మరొకటి జరిగింది.

ఆ షెడ్డులో ఎవరెవరు కలిశారో చూడండి. ఒక కళాకారుడు, ఒక సాంకేతికుడు, ఒక కార్మికుడు. ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ ప్రయత్నం షెడ్డు దాటి బయటికి వచ్చేది కాదు. మన వాదనల్లో ఈ మూడో మనిషిని సాధారణంగా మరిచిపోతూ ఉంటాం.

అదే ఏడాది వేసవి చివర జర్మనీలోని ఫ్రావెనావ్‌లో ఎర్విన్ ఐష్ అనే కళాకారుడిని లిటిల్టన్ కలుసుకున్నాడు. ఐష్ గాజును అందం కోసం కాక భావం కోసం వాడుతున్నాడు. ఇద్దరూ జీవితాంతం స్నేహితులుగా ఉన్నారు. తిరిగివచ్చిన లిటిల్టన్ ఆ శరదృతువులోనే విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆరుగురికి గాజు పాఠం మొదలుపెట్టాడు. ఎక్కడనుకున్నారు? మాడిసన్ నగరానికి దగ్గరలో, వెరోనాలో ఉన్న తన పొలంలోని గ్యారేజీలో! రైతుబిడ్డనైన నాకు ఈ మాట మహా ఇష్టంగా ఉంది. ఒక విశ్వవిద్యాలయపు కొత్త శాఖ పొలంలో మొలిచిందన్నమాట. మరుసటి ఏడు విశ్వవిద్యాలయం డబ్బిచ్చి చోటు చూపించింది.

ఆయన శిష్యుల్లో మార్విన్ లిపోవ్‌స్కీ 1964లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో గాజు శాఖ పెట్టాడు. శామ్ హెర్మన్ ఈ విద్యను లండను తీసుకువెళ్ళాడు. 1967లో విస్కాన్సిన్‌లో పట్టా పుచ్చుకున్న డేల్ చిహూలీ 1971లో వాషింగ్టన్ రాష్ట్రంలో పిల్‌చక్ గాజు పాఠశాల స్థాపనలో ముఖ్యుడై, తర్వాత ప్రపంచ ప్రసిద్ధి పొందాడు.

పగిలినదీ, వంగినదీ

మొదట్లో లిటిల్టన్ కూడా జాడీలు, సీసాలే ఊదాడు. 1963లో తను చేసిన పాత్రను తానే పగలగొట్టి, ముక్కలను మళ్ళీ కొలిమిలో కరిగించి, చల్లారాక సానపట్టాడు. నీళ్ళు పొయ్యడానికి పనికిరాని ఆ వస్తువు చూడటానికి పనికి వచ్చింది. పాత్ర నుంచి శిల్పానికి ఆయన దాటిన గట్టు అది.

1960ల చివరా 1970లలోనూ చేసిన పనులు ఇంకా ముఖ్యమైనవి. వేడి గాజు గొట్టాలనూ కడ్డీలనూ ఎత్తిపట్టి, వాటంతట అవే వాలి, వంగి, మడతపడేలా వదిలాడు. చేత్తో వంచలేదు. భూమ్యాకర్షణ వంచింది. ఎప్పుడు ఎత్తాలి, ఎంతసేపు వదలాలి, ఎక్కడ ఆపాలి అన్నదే ఆయన చేసిన నిర్ణయం. తండ్రి ప్రయోగం ఇక్కడ గుర్తుతెచ్చుకోండి. ఆయన పోగు వేలాడదీసి, అది తన బరువుకు సాగే క్షణాన్ని అంకెగా రాసుకున్నాడు. కొడుకు కడ్డీని ఎత్తి, అది తన బరువుకు వాలే క్షణాన్ని ఆకారంగా నిలబెట్టాడు. ప్రకృతి సూత్రం ఒక్కటే. ఒకరికి అది కొలత, ఒకరికి అది వంపు. భౌతిక శాస్త్రం వదిలేసి వెళ్ళిపోయాడనుకున్న కుర్రవాడు నిజానికి దాన్ని చంకలో పెట్టుకునే వెళ్ళాడని నాకనిపిస్తుంది.

1972లో ఒక సమావేశంలో ఆయన 'నైపుణ్యం చవక' అనే అర్థం వచ్చే మాట అన్నాడు. దాని మీద పెద్ద దుమారమే లేచింది. నైపుణ్యం ఎవరైనా నేర్చుకోవచ్చు, దానితో ఏం చెప్పదలుచుకున్నావన్నదే అసలు సంగతి అని ఆయన భావమై ఉంటుంది. సగం ఒప్పుకుంటాను. చేతి నేర్పు చూపించడానికే చేసిన పని గారడీ అవుతుందిగాని కళ కాదు. కాని టొలీడోలో గోలీల కిటుకు చెప్పిన లబీనో, ఊదడం చూపించిన లీఫ్‌గ్రీన్ లేకపోతే ఆ మాట అనడానికి ఆయనకు వేదికే ఉండేది కాదు గదా! చవగ్గా దొరికేది నైపుణ్యం కాదు, ఇదివరకే ఎవరో కష్టపడి సంపాదించి ఉంచిన నైపుణ్యం. దుక్కి దున్నడం తేలికని చేలో దిగనివాడే అంటాడు.

గాజు పలక మీద అచ్చు

1974 నుంచి మరో ప్రయోగం మొదలైంది. రాగి పలక మీద చెక్కి అచ్చు తీసినట్టు గాజు పలక మీద చెక్కి ఎందుకు తియ్యకూడదు? ముద్రణ యంత్రం ఒత్తిడికి గాజు పగిలిపోతుందని ఎవరైనా అనుకుంటారు. గాజును సాగదీసే బలం తేలిగ్గా విరుస్తుంది. నొక్కే బలాన్ని మాత్రం అది బాగా తట్టుకుంటుంది. పలకను సమతలంగా పరిచి పైనుంచి సమంగా నొక్కితే పగలవలసిన పని లేదు. పైగా లోహపు పలకలతో కొన్ని రంగులు రసాయనిక చర్య జరిపి మాసిపోతాయి. గాజు ఏ రంగుతోనూ జోక్యం కలిగించుకోదు. ఇసుక చిమ్మి, ఆమ్లంతో తినిపించి పలకల మీద బొమ్మలు గీశారు. ఈ అచ్చులకు విట్రియోగ్రాఫులని పేరు. 1976లో ఉద్యోగం విరమించి ఆయన ఉత్తర కరోలినాలోని స్ప్రూస్ పైన్ చేరాక, ఆయన ముద్రణశాలలో వందమందికి పైగా కళాకారులు ఈ పద్ధతిలో పనిచేశారు. మరో విశేషం: కంప్యూటర్లకు కావలసిన సిలికాన్ స్ఫటికాలు పెంచే మూసలకు వాడే అతి శుద్ధమైన క్వార్ట్జ్ ఆ ఊరి గనుల్లోదే.

నడుము నొప్పి వల్ల 1990లో వేడి గాజు పని మానుకోవలసి వచ్చింది. కొలిమి ఆరినా ముద్రణ సాగింది. 2013 డిసెంబరు 13న, 91వ ఏట, స్ప్రూస్ పైన్‌లోనే లిటిల్టన్ కన్నుమూశాడు.

మనకేమిటి?

మొదటి ప్రశ్నకు వద్దాం. సైన్సు, కళ ఒకటేనని నేననను. తండ్రి కొలిచిన బిందువు ఎవరు కొలిచినా ఒకటే రావాలి. కొడుకు వంచిన కడ్డీ ఇంకొకరు వంచితే మరోలా రావాలి. ఈ తేడా చెరిపితే రెండూ చెడతాయి. కాని రెండింటికీ కావలసిన ఓపిక ఒకటే. వస్తువు ఏం చెయ్యదలుచుకున్నదో ముందు దాన్ని చెయ్యనిచ్చి, పక్కన నిలబడి కళ్ళు విప్పి చూడాలి.

మనం మూడేళ్ళూ ప్రాక్టికల్సులో సరైన అంకె రాబట్టి, రికార్డు మీద సంతకం వేయించుకుని బయటపడుతున్నాం. వచ్చిన అంకెను ఇష్టపడినవాళ్ళం ఎందరం? వచ్చే సంవత్సరం ఎవరైనా మిత్రులు ఉత్సాహపడితే, లెక్చరర్‌గారి అనుమతితో, ఒక సన్నని గాజు కడ్డీని అడ్డంగా బిగించి, దూరంగా నిలబడి, మధ్యలో బర్నరు మంట చూపించండి. ఎంతసేపటికి వంగిందో రాసుకోండి. ఎలా వంగిందో కూడా గీసుకోండి. మొదటిది రికార్డులో ఉంటుంది. రెండోదాన్ని వచ్చే సంచికకు పంపించండి.